పదిహేడో పేరు

“నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

కూతురు ఈ మాట అడగడం ఇది మూడోసారి. మొన్న ఒకసారి, నిన్న ఒకసారి, ఇదిగో ఇవాళ పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి, ఒక కాలికి మేజోడు వేసుకుని రెండోది చేత్తో పట్టుకుని మూడోసారి. మూడు రోజులుగా ఆ పిల్ల తల్లితో మాట్లాడిన మాట ఇదొక్కటే. ఆకలేస్తోందని అనదు, పుస్తకం కనపడలేదని అరవదు. ఈ ప్రశ్న అడుగుతుంది, జవాబు కోసం కాసేపు చూస్తుంది, వెళ్ళిపోతుంది.

పిల్ల తల్లి, ఆ ఇంటి కోడలు, టీ వడకడుతోంది. టీ వడకట్టడానికి అంత శ్రద్ధ అక్కర్లేదు కానీ, తలెత్తితే కూతురి కళ్ళు చూడాలి.

“నెమ్మదిగా మాట్లాడు,” అంది.

“ఎందుకు? నానమ్మకి ఎలాగూ వినపడదుగా. నీ ధైర్యం అదేగా.”

పన్నెండేళ్ళ పిల్ల అనాల్సిన మాట కాదది. ఇంకో రోజైతే లాగి ఒక్కటి వేసేదే. కానీ ఉన్నమాట అన్నందుకు ఏ మొహం పెట్టుకుని కొడుతుంది? గిన్నె కింద పెట్టి, సభ నుంచి వచ్చాక చెప్తానంది. సభలోనే తెలిసిపోతుంది కదా అంది పిల్ల. తెలియదు, నేను చూసుకుంటానంది తల్లి. ఎలా చూసుకుంటావని పిల్ల అడగలేదు. రెండో మేజోడు వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ చూసుకోవడమేమిటో తెలియాలంటే సంతకం దగ్గర మొదలుపెట్టాలి.

పిల్ల నానమ్మని వీధంతా కండక్టరమ్మ అంటారు. ఆవిడ కోడలు పనిచేసేది యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో, కాజాల మిషన్ మీద. తొమ్మిదేళ్ళ పని, తొమ్మిదేళ్ళూ టెంపరరీయే. ఏడాది చివర ఒకరోజు ఇంటికి పంపేస్తారు, మర్నాడు కొత్త మనిషిలా మళ్ళీ చేర్చుకుంటారు. నిన్నటిదాకా కాజాలు కుట్టిన మనిషిని పట్టుకుని కాజాలు కుట్టడం వచ్చా అని కాయితం మీద అడుగుతారు, ఆమె బుద్ధిగా వచ్చు అని రాస్తుంది. యుద్ధంలో చనిపోయినవాళ్ళ భార్యలకి మాత్రం పర్మినెంటు. తిరిగొచ్చినవాడి భార్యకి మొగుడున్నాడు. కనపడకుండా పోయినవాడి భార్యకి మాత్రం ఆ కాయితాల్లో ఎక్కడా గడి లేదు.

మొగుడు సరిహద్దు చౌకీ నుంచి కనపడకుండా పోయి పదకొండేళ్ళు. చనిపోయినవాళ్ళ జాబితా వచ్చింది, అందులో లేడు. శత్రువుకి చిక్కినవాళ్ళ జాబితా వచ్చింది, అందులోనూ లేడు. పదేళ్ళు దాటాక భార్య ఒప్పుకుని రాసిస్తే చనిపోయినట్టే లెక్కగడతారని రూలుంది. సూపర్వైజరు పోస్టు ఒకటి ఖాళీ అయిందని, ఆఖరి తేదీ శుక్రవారమని ఫ్యాక్టరీ గుమాస్తా చెప్పాడు. ఆమె అడిగింది ఒక్కటే, మా అత్తగారు కూడా సంతకం పెట్టాలా అని. అక్కర్లేదమ్మా, మీదొక్కటి చాలు అన్నాడతను.

ఆ ‘అక్కర్లేదు’ తన చెవికి ఎంత తీయగా వినపడిందో తలుచుకుంటే ఇప్పటికీ ఆమె సిగ్గుతో చచ్చిపోతుంది. మూడు వారాల కిందట, మంగళవారం, తిండి బెల్లుకీ పని బెల్లుకీ మధ్య, నిలబడే సంతకం పెట్టేసింది.

పెట్టాక ఏడుపు రావాలి కదా. రాలేదు. అంతకంటే సిగ్గుమాలిన సంగతి ఇంకోటుంది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు, ప్రాణం పోయినా చెప్పదు కూడా. ఆ రాత్రి ఆమెకి నిద్రపట్టింది. పదకొండేళ్ళుగా గేటు కిర్రుమంటే లేచి కూర్చునే మనిషి, ఆ రాత్రి కన్ను మూసి తెల్లారాకే తెరిచింది. లేచేసరికి మెడదాకా దుప్పటి ఉంది. ఎప్పుడు కప్పుకుందో గుర్తులేదు.

ఉద్యోగం ఇస్తున్నట్టు వచ్చిన కాయితం సంచి అడుగున దాచింది. కంపాసు పెట్టె కోసం వెతుకుతూ కూతురు దాన్ని బయటికి లాగింది. ‘చనిపోయిన సైనికుడి భార్య కోటాలో’ అన్న ముక్కని ఆ పిల్ల నాలుగుసార్లు చదువుకుంది. తండ్రి వెళ్ళేనాటికి దానికి ఏడాది. ఆయన్ని తలుచుకోవాలన్నా దానికి గుర్తులేమీ లేవు, నానమ్మ చెప్పినవే ఉన్నాయి.

ఇక గుడ్డ సంగతి. కనపడకుండా పోయినవాళ్ళకీ, చెరలో ఉన్నవాళ్ళకీ ఏటా ఈ రోజున పురపాలక హాల్లో సభ జరుగుతుంది. వేదిక వెనక నిలువెత్తు బూడిదరంగు గుడ్డ కడతారు, దాని మీద నీలం దారంతో పేర్లు. ఎవరైనా తిరిగొస్తే ఆ పేరు కుట్లు విప్పేస్తారు. చనిపోయారని తేలినా విప్పేస్తారు. విప్పిన చోట సూది కన్నాలు మిగులుతాయి, దగ్గరికెళ్ళి చూస్తే అవీ చదవచ్చు. ఏడేళ్ళ కిందట పాతది తీసి ఈ గుడ్డ కట్టినప్పటి నుంచి కుట్టడమూ విప్పడమూ కండక్టరమ్మ కోడలి పనే. అక్షరం ఆమె కుట్టినంత తీరుగా ఆ ఫ్యాక్టరీలో ఇంకెవరూ కుట్టరు.

ఈ ఏడు జాబితాలో పదిహేడో పేరు మీద ఎర్రగీత వచ్చింది. మేనేజరు ఆ కాయితం ఆమె చేతికే ఇచ్చాడు, ఇస్తూ పాపం మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆమె కుట్లు విప్పే చిన్న కత్తి తీసింది, మొదటి అక్షరం దాకా తెచ్చింది, తిరిగి సంచిలో పడేసింది. గుడ్డని అలాగే మడతపెట్టి హాలుకి పంపించింది.

ఎందుకలా చేశావంటే ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అత్తగారికి కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమచెవిలో అరిస్తే తప్ప ఎక్కదు. సభలో పేర్లు చదువుతుంటే ఆవిడ వినదు, గుడ్డ వంక చూస్తుంది. గుడ్డ మీద పేరుంటే చాలు. సమయానికి మోచేత్తో పొడిస్తే లేచి నిలబడి, ఏటా చెప్పే మాట చెప్పి కూర్చుంటుంది. పిలవకుండానే లేచిందని హాలంతా నవ్వుకుంటుంది, చెవిటి ముసలావిడ, పొరపాటు పడింది అనుకుంటుంది. పోయేదేముంది?

మొగుణ్ణి కన్న తల్లిని నలుగురిలో నవ్వులపాలు చేసైనా తన గుట్టు దాచుకోవాలనుకుంది. అదీ ఆమె చూసుకోవడం.

*

కండక్టరమ్మ అప్పటికే తయారై మంచం అంచున కూర్చుంది. ముప్పై ఒక్కేళ్ళు సిటీ బస్సులో టిక్కెట్లు కొట్టిన మనిషి. చెవులు ఆ ఇంజను పక్కనే పోగొట్టుకుంది, గొంతు మాత్రం అక్కడే సంపాదించుకుంది. చెవిమిషన్ కొన్నారు కానీ అది సొరుగు దాటి రాదు. అది నాతో మాట్లాడదే, ఈలలేస్తుంది, ఈ వయసులో నాకు ఈలలెవరు వేయమన్నారు అంటుంది.

కోడలు టీ అందించి, ఎడమచెవి దగ్గర వంగి, ఆఖరి ప్రయత్నం చేసింది. మోకాళ్ళు వాచాయి కదా, ఈసారికి తనొక్కతే వెళ్ళొస్తానంది. హాల్లో మెట్లు కొత్తగా వేశారట, జారుతున్నాయట అంది. మబ్బు పట్టిందంది. కండక్టరమ్మ అన్నీ విని, కిటికీలోంచి ఎండ వంక చూసి, టీ తాగింది.

“నీకు రావాలని లేకపోతే నువ్వుండు,” అంది. “నేనూ పిల్లా వెళ్ళొస్తాం.”

“అది కాదత్తయ్యా.”

“పోయినేడు జ్వరంతో వచ్చాను. వాణ్ణి కన్నది నేను. వాడి పేరు పిలిస్తే మంచం మీద పడుకుని పలుకుతానా?”

ఆ తర్వాత ఆవిడ అన్న మాటలకంటే తిట్టినా బాగుండేది. ఈ వీధిలో ఇలాంటి ఇళ్ళు ఇంకా మూడున్నాయని, మూడిళ్ళ కోడళ్ళూ ఎప్పుడో దారి చూసుకున్నారని, వాళ్ళని తప్పుపట్టడం లేదని అంది. కానీ నా కోడలు నిలబడింది అంది. ఆ గుడ్డ మీద వాడి పేరు వేరేవాళ్ళు కుడితే నేను చూడలేకపోయేదాన్ని, నువ్వు కుట్టావు కాబట్టి చూస్తున్నానంది. ఇదంతా ఆవిడ మామూలు గొంతుతోనే అంది, అంటే పక్కింటిదాకా వినపడేలా.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కోడలి చెయ్యి దానంతటదే సంచి మీదికి పోయింది. గుమ్మంలో నిలబడ్డ పిల్ల అది చూసింది.

నిన్న సాయంత్రం పేర్లు చదివే మాస్టారి ఇంటిదాకా వెళ్ళొచ్చింది కోడలు. ఈ ఒక్క ఏడూ ఆ పేరు చదవండి, వచ్చే ఏడుకి నేనే నెమ్మదిగా చెప్పుకుంటానని అడుగుదామనుకుంది. ఆయన వరండాలో కూర్చుని పేర్ల కాయితం చూసుకుంటున్నాడు, పెదాలు కదుపుతూ, బడిపిల్లాడిలా. ఆ జాబితాలో సగం మందికి అక్షరాలు దిద్దించింది ఆయనే. గేటు మీద చెయ్యి వేసింది కానీ ముఖం చెల్లలేదు. వెనక్కి తిరిగొచ్చేసింది.

ముగ్గురూ బయల్దేరారు. కండక్టరమ్మ నడిచేటప్పుడు కర్ర వాడదు. కోడలి భుజం మీద ఎడమచెయ్యి వేస్తుంది, బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు, గట్టిగా. పదకొండేళ్ళుగా కోడలు ఆ పక్క సంచి కూడా తగిలించుకోదు. ఇవాళ ఆ చెయ్యి మామూలుగానే పడింది. బరువు మాత్రం మామూలుగా లేదు, లేదా ఆమెకే అలా అనిపించింది.

*

హాలు గుమ్మం పక్కన, లోపలివైపు, ఒక ఖాళీ కుర్చీ వేస్తారు. ఆలస్యంగానైనా ఎవరైనా వస్తే కూర్చోడానికి. సంగతి తెలియనివాడెవడో ఏటా వచ్చి అందులో కూర్చుంటాడు, లేవగొడతారు. ఈసారి ఫొటోలు తీసేవాడు కూర్చున్నాడు. కండక్టరమ్మ వెళ్ళి వాడి భుజం తట్టి, రిజర్వుడు సీటయ్యా, దిగు అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వాడూ నవ్వి లేచాడు.

మూడో వరసలో కూర్చున్నారు. పక్కనే బేకరీ ఆయన. వాళ్ళబ్బాయి శత్రువుల చెరలో ఉన్నాడు. మొదటి రెండేళ్ళూ ఉత్తరాలొచ్చాయి, తర్వాత లేవు. జాబితాలో కండక్టరమ్మ కొడుకు పదిహేడు, ఆయన కొడుకు పద్ధెనిమిది. పదకొండేళ్ళుగా ఒకరి తర్వాత ఒకరు లేచి నిలబడి, వీళ్ళిద్దరికీ అక్కాతమ్ముళ్ళ వరస కలిసింది.

గుడ్డ కట్టేశారు. కండక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుని వెతికి, కొడుకు పేరు చూసుకుని, దారం వెలవలేదు అంది కోడలితో మెచ్చుకోలుగా. కోడలు తల ఊపింది. తేలు కుట్టిన దొంగ మూలగనైనా మూలగలేడు.

వేదిక మీద మాస్టారు, ఆయన పక్కన ఆఫీసు నుంచి వచ్చిన కొత్త అధికారి. చిన్నవాడు, నలగని చొక్కా, ముందు ఫైలు. ఇద్దరి మధ్యా ఒక్కటే మైకు. సభలో పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. మాస్టారు బళ్ళో హాజరు తీసుకున్నట్టు పేరు పిలుస్తాడు. ఆ ఇంటివాళ్ళు లేచి, “ఇంకా రాలేదు” అంటారు. అంతే. ఆ రెండు మాటలు కొందరికి గొంతు దాటి రావు, పక్కవాళ్ళు అందిస్తారు. కండక్టరమ్మకి మాత్రం ఎవరూ అందించక్కర్లేదు. స్టాపు పేరు కేకేసినట్టు హాలు చివరికి వినపడేలా చెప్పి కూర్చుంటుంది.

మొదటి పేరు పిలిచాడు. ఒక తల్లి లేచింది. రెండో పేరుకి ఒక అన్న. కోడలు మోచేతిని సిద్ధం చేసుకుంది. పదహారో ఇంటివాళ్ళు కూర్చోగానే పొడవాలి, మాస్టారు తర్వాతి పేరుకి ఊపిరి తీసుకునేలోపు పొడవాలి, అప్పుడైతే ఆవిడ మాట ముందుగానే వచ్చేస్తుంది, బేకరీ ఆయన పేరు దాని తర్వాత వస్తుంది. మనసులో లెక్కలు వేసుకుంటోంది.

ఆమె మరిచిపోయింది ఒకటుంది. ముప్పై ఒక్కేళ్ళు తలలు లెక్కపెట్టిన మనిషికి మోచేతులతో పనిలేదు. కండక్టరమ్మ వేలు ఒళ్ళో ఒక్కొక్కరికీ ఒక్కో కణుపు జరుగుతోంది. పదమూడు, పద్నాలుగు, పదిహేను. పదహారో ఇంటావిడకి మాట పెగల్లేదు. పక్కవాళ్ళు నీళ్ళిచ్చారు, ఆలస్యమైంది. ఆవిడ ఎట్టకేలకి చెప్పిందో లేదో, సభ జాప్యమవుతోందని మాస్టారు గబుక్కున తర్వాతి పేరు పిలిచేశాడు.

బేకరీ ఆయన లేచాడు. అదే క్షణంలో కండక్టరమ్మ కూడా లేచింది.

“ఇంకా రాలేదు.” రెండు గొంతులు కలిసే వచ్చాయి. ఆయన గొంతు ఈవిడ గొంతు కింద పడి వినపడకుండా పోయింది.

కండక్టరమ్మ ఆయన వైపు తిరిగి, “నీది తర్వాత కదా తమ్ముడూ,” అంది. “క్యూలో రా.”

హాల్లో నవ్వులు లేచాయి. చెడ్డ నవ్వులేం కావు, ఆవిడంటే ఇష్టమున్న నవ్వులే. బేకరీ ఆయన గుడ్డ వంక చూశాడు, మాస్టారి వంక చూశాడు. ఏదో అర్థమైంది. కొడుకు కోసం ఏడాదికొక్కసారి వచ్చే తన వంతుని ఆవిడకి వదిలేసి కూర్చున్నాడు.

మాస్టారు కళ్ళజోడు పైకి తోసి కాయితం చూసుకున్నాడు. గుడ్డ మీద పేరుంది, కాయితంలో లేదు. తనే మింగేశానేమోనని ఆయన మొహం వాడిపోయింది. అధికారి ఫైలు తిరగేసి ఆయన చెవి దగ్గరికి వంగాడు. మైకు ఆయన చెవికంటే దగ్గరగా ఉంది.

“మీ తప్పు కాదండీ. అది తీసేసిన పేరు. చనిపోయినట్టు భార్య ఒప్పుకుని సంతకం పెట్టారు, పోస్టు కూడా తీసుకున్నారు. గుడ్డ మీద విప్పడం మర్చిపోయినట్టున్నారు.”

మైకు ఆ మాటల్ని హాలు నాలుగు మూలలకీ మోసుకెళ్ళింది. మోయలేనిది ఒక్క చోటికే, ఆ చోటు మూడో వరసలో నిలబడి ఉంది.

నవ్వులు ఆగిపోయాయి. నలభై ఇళ్ళవాళ్ళు కోడలి వంక చూశారు. కొందరు చూసి తల దించుకున్నారు, అది ఇంకా కష్టంగా ఉంది. భూమి చీలితే బాగుండునని అంటారు కదా. ఆమెకి అంత పెద్ద కోరిక లేదు. కుర్చీ కింద పట్టే చోటుంటే చాలనిపించింది.

కండక్టరమ్మకి మాటలు వినపడలేదు కానీ మొహాలు కనపడుతున్నాయి. “ఏమంటున్నాడే?” అని మనవరాలిని అడిగింది.

పిల్ల నోరు తెరిచింది. మూడు రోజులుగా చెప్తానని బెదిరించిన పిల్ల, చెప్పాల్సిన చోట పెదవి కొరుక్కుంది. “అమ్మనడుగు నానమ్మా,” అంది.

ఆవిడ ఎడమచెవి కోడలి వైపు తిప్పి వంగింది. ఏటా ఇలాగే వంగుతుంది, మాస్టారి ఉపన్యాసంలో ముక్కలు అందించమని. అచ్చుతప్పు పడిందట అత్తయ్యా అంటే అయిపోతుంది. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ చెవిలో గుసగుసగా అబద్ధం చెప్పడానికి లేదు, అరవాలి. అరిస్తే హాలంతా వింటుంది, అబద్ధమని కూడా తెలుస్తుంది.

“నేను సంతకం పెట్టానత్తయ్యా,” అంది.

“వినపడలేదు. గట్టిగా చెప్పు.”

కోడలు లేచి నిలబడింది. 

“ఆయన చనిపోయారని నేనే రాసిచ్చాను. నేనే పేరు తీయించాను.”

ఆ అరుపు గోడలకి తగిలి తిరిగొచ్చి ఆమెకే వినపడింది. కండక్టరమ్మ కాసేపు కోడలి మొహం అలాగే చూసింది, టిక్కెట్టు లేకుండా దొరికిన మనిషి తనకి బాగా తెలిసినవాళ్ళైతే చూసే చూపు.

“ఎప్పుడు?”

“మూడు వారాలైంది. మంగళవారం.”

ఆవిడ పెదాలు కదిలాయి, మంగళవారం కోసం వెనక్కి వెతుక్కుంటున్నట్టు. దొరికింది.

“ఆ రాత్రి నువ్వు నిద్రపోయావు,” అంది. నెమ్మదిగా అన్నాననే అనుకుని ఉంటుంది, కానీ ఆ గొంతుకి నెమ్మది తెలియదు. “ఇన్నేళ్ళకి నా కోడలు నిద్రపోయిందని ఎంత సంబరపడ్డానో. నేనే లేచొచ్చి దుప్పటి కప్పాను. పిల్లని చప్పుడు చేయొద్దన్నాను.”

కోడలి దగ్గర దాచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. సంతకం సంగతి తెలిస్తే తిడతారని భయపడింది, ఉమ్ముతారని భయపడింది. ఆ దుప్పటి సంగతి నలుగురిలో వింటుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

కండక్టరమ్మ వేదిక వైపు తిరిగింది. “మాస్టారూ, నా లెక్కలో పదిహేడు ఉంది. మీరు పిలవండి.”

అధికారి ఏదో అనబోయాడు. మాస్టారు చేత్తో మైకుని ఆయన దగ్గర్నుంచి జరిపేసుకున్నాడు. కాయితం బోర్లా పెట్టి, గుడ్డ వైపు తిరిగి, దాని మీది పదిహేడో పేరు చదివాడు.

“ఇంకా రాలేదు,” అంది తల్లి.

తర్వాత పద్ధెనిమిదో పేరు పిలిచారు. బేకరీ ఆయన లేచి, తన కొడుకు కోసం చెప్పాల్సింది చెప్పాడు.

*

సభ అయిపోయాక కోడలు జనం మధ్యనుంచి గుమ్మం వైపు కదిలింది. ఆమె నడుస్తుంటే దారిచ్చారు. ఆ దారి అవసరానికంటే కొంచెం వెడల్పుగా ఇచ్చారు.

బయట మూడు మెట్లు. అలవాటు కొద్దీ కోడలు ఒక మెట్టు కిందకి దిగి, భుజం అందేలా నిలబడింది. కండక్టరమ్మ పై మెట్టు మీద ఆగింది. ఎడమచెయ్యి లేచింది, అది కూడా అలవాటే. లేచిన చెయ్యి గాల్లో ఒక్క క్షణం ఆగి గోడ మీదకి పోయింది. గోడ పట్టుకుని, వాచిన మోకాళ్ళతో, ఒక్కో మెట్టుకీ రెండు కాళ్ళూ కూడదీసుకుంటూ దిగింది. ఇళ్ళకి పోవాల్సిన జనం పోకుండా నిలబడి చూశారు. బేకరీ ఆయన సాయానికి రాబోతే, వద్దన్నట్టు తల ఊపింది.

కిందకి దిగాక ఆయాసం తీర్చుకుని కోడలి వైపు చూసింది.

“ఉద్యోగం కోసం పెట్టావా?”

కోడలు అవునంది. వినపడకపోయినా తల ఆడింది కాబట్టి తెలిసింది.

“పిల్లని పెంచాలి. తొమ్మిదేళ్ళు ఆ మిషన్ ముందు నీ నడుం ఏమైందో నాకు తెలుసు. అడిగి ఉంటే నేనే పెట్టమనేదాన్నేమో. పెట్టొద్దనేదాన్నేమో కూడా. అడగలేదు కాబట్టి నాకూ ఇక తెలియదు.” ఆవిడ గోడ మీది చెయ్యి తీసేసింది. “ఇంకోటి చెప్పు. చచ్చాడని రాసినదానివి, ఆ కుట్లెందుకు విప్పలేదు?”

కోడలు సిద్ధం చేసుకున్న జవాబు నోటిదాకా వచ్చింది. మీ కళ్ళు కప్పడానికి అత్తయ్యా అనాలి. అదెంత నీచమైనా నిజమే కదా, అంటే సరిపోతుంది. కానీ తీరా అనబోయేసరికి అది మొత్తం నిజంలా అనిపించలేదు. ఆ రోజు మిషన్ ముందు కత్తి మొదటి అక్షరం దాకా తెచ్చినప్పుడు అత్తగారు గుర్తొచ్చిందా? ముందు చెయ్యే ఆగిందా? ఎంత గుర్తు తెచ్చుకున్నా తేలలేదు.

“నా కళ్ళు కప్పడానికే ఉంచావో, నీకు చేతులు రాక ఉంచావో,” అంది కండక్టరమ్మ. “ఏదైనా సరే. అది తేల్చుకుని ఇంటికి రా. విప్పితే విప్పు, కుదరదంటే ఆ ఆఫీసుకెళ్ళి నీ కాయితం వెనక్కి తెచ్చుకో. రెండూ పెట్టుకుని మాత్రం నా గడప ఎక్కకు.”

తాళం చెవి ఇవ్వమని చెయ్యి చాపింది. కోడలు ఇచ్చింది. ఆవిడ మనవరాలి భుజం మీద చెయ్యి వేసింది. పిల్ల భుజం ఆ బరువుకి కిందకి వంగింది, అయినా నిలబడింది. నాలుగడుగులు వేశాక పిల్ల ఒకసారి వెనక్కి చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపమే ఉంటే బాగుండుననుకుంది కోడలు.

హాల్లో కాపలా అతను ఒక్కడే ఉన్నాడు, కుర్చీలు ఒకదానిలో ఒకటి పేరుస్తున్నాడు. గుడ్డ దించి బల్ల మీద పరిచిపెట్టాడు. కోడల్ని చూసి, అన్నీ విన్నవాడే కాబట్టి, పక్కకి తప్పుకున్నాడు.

ఆమె బల్ల ముందు నిలబడింది. పదిహేడో పేరు మీద అరచెయ్యి పెట్టి చూసింది. ఏడేళ్ళ కిందట తన చేత్తో కుట్టిన కుట్లు, ఒక్కటీ సడలలేదు. సంచిలోంచి చిన్న కత్తి తీసి, మొదటి అక్షరం కింద, దారం లేవనెత్తేంత మేరకి మొన దూర్చింది. ఇంక లాగడమే.

వెనక కుర్చీల చప్పుడు ఆగింది. కాపలా అతను గుమ్మం పక్కనున్న ఖాళీ కుర్చీ దగ్గరికి వెళ్ళి, దాని వీపు మీద చెయ్యి వేశాడు.

“ఇది కూడా తీసేయమంటారా అమ్మా?”

“ఉండనివ్వు,” అంది ఆమె.

అన్నాక గానీ తను ఏమందో తనకే వినపడలేదు. కత్తి అక్షరం కిందే ఉంది.